డిస్క్ కంప్రెస్ చేసినప్పటి నుంచి సిస్టమ్ నత్తనడక, యూపీఎస్ 8 నిమిషాలే. కంప్రెషన్ కరెంటు తాగుతుందా?

టవర్‌క్లాక్_స్టూడియో
అనంతపురంలో మాది చిన్న ఫోటో స్టూడియో. డెస్క్‌టాప్ ఐ3 నాలుగో తరం, 8 జీబీ ర్యామ్, 1 టీబీ మామూలు హార్డ్ డిస్క్. ముహూర్తాలు వరసగా తగలడంతో డీ డ్రైవ్ నిండిపోయింది. కొత్త డిస్క్ కొనేదాకా పని నడవాలి కదా అని, పక్క షాపు పిల్లోడు చెప్పినట్టు డ్రైవ్ ప్రాపర్టీస్‌లో 'కంప్రెస్ దిస్ డ్రైవ్ టు సేవ్ డిస్క్ స్పేస్' అన్న గడిలో టిక్ పెట్టాను. రాత్రి 9కి మొదలైంది, తెల్లారి 9కి అయింది. మిగిలింది 11 జీబీ. 780 జీబీలో 11!

సరే పోనీ అనుకుంటే ఇప్పుడు రెండు తలనొప్పులు. ఆల్బమ్ పేజీ పీఎస్‌డీ (ఫోటోషాప్ ఫైలు) సేవ్ కొట్టి కిందికెళ్ళి టీ తాగి రావచ్చు, అంత సేపు. రెండోది యూపీఎస్. ఇదివరకు కరెంటు పోతే 20 నిమిషాలు ఆగేది. ఇప్పుడు 8 నిమిషాలకే కూత పెట్టి ఆరిపోతోంది. నిన్న రిసెప్షన్ ఆల్బమ్ 36 పేజీలు ఎక్స్‌పోర్ట్ అవుతుంటే 29వ పేజీ దగ్గర ఠప్.

కంప్రెషన్ వల్ల ప్రాసెసర్ ఎక్కువ కరెంటు లాగి యూపీఎస్ త్వరగా ఖాళీ అవుతోందా? టిక్ తీసేస్తే సరిపోతుందా? తెలిసినవాళ్ళు చెప్పండి, ఎల్లుండి ఇంకో పెళ్ళి ఉంది.

ఉగ్గాని_బజ్జీ
780లో 11. ఖాళీ సంచి దులిపితే అంతకంటే ఎక్కువ రాలుతుంది అన్నా.

వేరుశనగ_కోడర్
మాది ధర్మవరం, బెంగళూరులో ఉద్యోగం. కంప్రెషన్ అంటే నెమ్మది అన్నది పాత కాలం మాట. డిస్క్ ఎప్పుడూ ప్రాసెసర్ కంటే నిదానమే. 100 ఎంబీ చదవాల్సిన చోట 50 చదివి, మిగతాది ప్రాసెసర్ విప్పుకుంటే పని తొందరగా అవుతుంది. ఎల్‌జెడ్4 లాంటి కంప్రెషన్ పద్ధతులు ఒక్క కోర్ మీద సెకనుకు జీబీల లెక్కన విప్పుతాయి. మా ఆఫీసులో సర్వర్లన్నీ జెడ్‌స్టాండర్డ్ అనే ఇంకో పద్ధతి మీదే నడుస్తున్నాయి. నీ సమస్య కంప్రెషన్ కాదు, పాత హార్డ్ డిస్క్.

డాస్_సార్
పైన కోడర్ బాబు చెప్పింది సగం నిజం. ఆయన విప్పడం గురించి మాట్లాడుతున్నాడు, స్టూడియో ఆయన కట్టడం (నొక్కి పెట్టడం) దగ్గర ఏడుస్తున్నాడు. రెండూ ఒకటి కాదు. కట్టేటప్పుడు ఏ ముక్క ముందు ఎక్కడ వచ్చిందో వెతుక్కోవాలి, విప్పేటప్పుడు చెప్పిన చోట నుంచి ఎత్తి పెట్టడమే. 1977లో లెంపెల్, జివ్ రాసిన పద్ధతి దగ్గర నుంచి ఇదే కథ.

పైగా విండోస్ డ్రైవ్ కంప్రెషన్‌లో ఉన్నది ఎల్‌జెడ్4 కాదు, జెడ్‌స్టాండర్డ్ కాదు. ఎల్‌జెడ్ఎన్‌టీ1 అనే పాతది, ఎన్‌టీఎఫ్ఎస్‌లో (విండోస్ డిస్క్ మీద ఫైళ్ళు పెట్టుకునే పద్ధతి) 1990ల నుంచి అదే ఉంది. ఇంకో ఊరి బస్సు టైమింగ్స్ చెప్పి ఈ ఊరి బస్సు ఎక్కించొద్దు.

వేరుశనగ_కోడర్
అది ఒప్పుకుంటాను సార్. ఎల్‌జెడ్ఎన్‌టీ1 సంగతి మర్చిపోయా.

ఆదోని_జిన్నింగ్
నేను కంప్యూటర్ల మనిషిని కాదు, మాకు ఆదోనిలో పత్తి వ్యాపారం. నాకు అర్థమైనట్టు చెప్తా, తప్పైతే దిద్దండి.

విడి పత్తి లారీకి ఎత్తితే లారీ నిండా గాలే. ప్రెస్సింగ్ మిల్లులో 170 కిలోల బేలు కట్టితే అదే లారీలో ఎన్నో రెట్లు పడుతుంది. ప్రెస్సు మోటరుకు కరెంటు కాలుతుంది, కానీ లారీ ట్రిప్పులు తగ్గుతాయి. అంతవరకు లాభం. ఇప్పుడు కట్టిన బేలునే మళ్ళీ తీసుకొచ్చి ప్రెస్సులో పెట్టు. మోటరు అంతే తిరుగుతుంది, బిల్లు అంతే వస్తుంది, బేలు మాత్రం అంగుళం తగ్గదు. స్టూడియో అన్న ఫోటోలు కట్టిన బేళ్ళు అని నా అనుమానం.

డాస్_సార్
ఇంతకంటే బాగా నేను 20 ఏళ్ళు క్లాసులో చెప్పలేకపోయాను.

జేపెగ్ ఫోటో, ఎంపీ4 వీడియో, ఎంపీ3 పాట, ఇవన్నీ పుట్టుకతోనే నొక్కినవి. జేపెగ్‌లో చివరి మెట్టే హఫ్‌మన్ కోడింగ్ (తరచుగా వచ్చేవాటికి చిన్న కోడ్ ఇవ్వడం). అంటే నీ జిప్‌లో ఉండే పనిముట్టే దాంట్లో ముందే వాడేశారు. వాటిని మళ్ళీ నొక్కితే వచ్చేది సున్నా.

ఉగ్గాని_బజ్జీ
కడప బండను పిండితే నీళ్ళు వస్తాయా అన్నట్టు.

ఏడురోడ్ల_సర్వీస్
మా ఊరి బండ జోలికి రావద్దప్పా 😄

స్టూడియో అన్నా, ఒక పని చెయ్. ఏదైనా పెళ్ళి ఫోల్డర్‌లో ఒక జేపెగ్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్ చూడు. 'సైజ్' అని ఒకటి, 'సైజ్ ఆన్ డిస్క్' అని ఒకటి ఉంటాయి. రెండూ ఎంతెంత ఉన్నాయో ఇక్కడ పెట్టు. తర్వాత ఒక పీఎస్‌డీ, తర్వాత ట్యాలీ (అకౌంట్ల సాఫ్ట్‌వేర్) డేటా ఉంటే అది.

టవర్‌క్లాక్_స్టూడియో
జేపెగ్: సైజ్ 8.41 ఎంబీ, డిస్క్ మీద 8.41 ఎంబీ. ఐకాన్ మూలన నీలం బాణాలు రెండు ఎదురెదురుగా ఉన్నాయి.
పీఎస్‌డీ: 412 ఎంబీ, డిస్క్ మీద 371.
ట్యాలీ ఫోల్డర్: 640 ఎంబీ, డిస్క్ మీద 190!

ఏడురోడ్ల_సర్వీస్
చూశావా. నీ 11 జీబీ ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడే ఉంది. ఫోటోలు పైసా ఇవ్వలేదు, పీఎస్‌డీలు కొంచెం ఇచ్చాయి, ట్యాలీ బాగా ఇచ్చింది కానీ అదే చిన్న ఫోల్డర్.

టవర్‌క్లాక్_స్టూడియో
ఫోటో అసలు తగ్గలేదు కదా, మరి నీలం బాణాలు ఎందుకు? కంప్రెస్ అయినట్టా కానట్టా?

డాస్_సార్
ఎన్‌టీఎఫ్ఎస్ ఫైలును 64 కేబీ ముక్కలుగా తీసుకుంటుంది (క్లస్టర్ అంటే డిస్క్‌లో చోటిచ్చే అతి చిన్న గడి, అది 4 కేబీ అయితే 16 క్లస్టర్లు). ముక్కను నొక్కి చూస్తుంది. కనీసం ఒక క్లస్టర్ మిగిలితే నొక్కింది రాస్తుంది, మిగలకపోతే ఉన్నదున్నట్టే రాసేస్తుంది. నీ జేపెగ్‌లో ఏ ముక్కా తగ్గలేదు కాబట్టి అంతా మామూలుగానే పడుంది. బాణాలు 'నొక్కమని చెప్పారు' అనడానికే గుర్తు, 'నొక్కాను' అనడానికి కాదు.

కాబట్టి ఫోటో తెరవడానికి పెద్ద భారం లేదు. కానీ కెమెరా కార్డు నుంచి కొత్తగా 2 వేల ఫోటోలు ఆ డ్రైవ్‌లోకి కాపీ చేసినప్పుడల్లా ప్రతి ముక్కనూ నొక్కి చూసి, లాభం లేదని తెలుసుకుని, మళ్ళీ మామూలుగా రాస్తుంది. ఖాళీ బావిలో బొక్కెన వేసి తోడటమే.

పీఎస్‌డీ సంగతి ఇంకా పాపం. ఫోటోషాప్ తనే లోపల కొంత నొక్కి రాస్తుంది. దాని మీద విండోస్ ఇంకోసారి. ఫైలు మధ్యలో చిన్న మార్పు పడినా ఆ 64 కేబీ ముక్క మొత్తం విప్పి, మార్చి, మళ్ళీ కట్టాలి. కట్టింది ముందటి చోట పట్టకపోతే డిస్క్‌లో ఇంకెక్కడో పెట్టాలి. అలా ఫైలు చెల్లాచెదురు అవుతుంది. నిండిన హార్డ్ డిస్క్ మీద ముల్లు (చదివే తల) అటూ ఇటూ పరుగెత్తడమే పని.

రాత్రి2గంటలు
ఒక్క మాట. కంప్రెషన్ చెడ్డది అన్నట్టు మాట్లాడుతున్నారు. పీఎస్5లో (సోనీ గేమ్ కన్సోల్) గేములు లోడ్ అయ్యే వేగానికి కారణమే కంప్రెషన్. ఎస్ఎస్‌డీ సొంత వేగం సెకనుకు 5.5 జీబీ, క్రాకెన్ అనే కంప్రెషన్ పద్ధతితో కట్టిన డేటా విప్పితే 8 నుంచి 9 జీబీ దాకా వస్తుందని దాన్ని డిజైన్ చేసిన మార్క్ సెర్నీ 2020లో చెప్పాడు. విప్పడానికి వేరే చిప్ బ్లాకే పెట్టారు. అదే పని మామూలు జెన్ 2 (ఏఎండీ ప్రాసెసర్) కోర్లతో చేయిస్తే 9 కోర్లు కావాలట.

హంద్రీ_గట్టు
@రాత్రి2గంటలు నీ మాటలోనే జవాబుంది. 9 కోర్ల పని ఒక చిన్న బ్లాకుకు అప్పజెప్పారు కాబట్టే కరెంటు గిట్టుబాటు అయింది. ఆ బ్లాకు మన ఐ3లో లేదు.

కర్నూలులో ఎంటెక్ చేస్తున్నాను, ఇది నా సెమినార్ టాపిక్‌కు దగ్గర కాబట్టి చెప్తున్నా. ఎంఐటీలో కెనెత్ బార్, క్రస్టే అసనోవిచ్ 2003లో ఒక పేపర్ రాశారు. వైర్‌లెస్‌లో ఒక్క బిట్ పంపడానికి అయ్యే శక్తి, ప్రాసెసర్‌లో ఒక 32 బిట్ల లెక్క చేయడానికి అయ్యే శక్తికి వెయ్యి రెట్లకు పైగా ఉండొచ్చు అంటారు. అది చదివితే 'నొక్కి పంపడమే లాభం' అనిపిస్తుంది కదా. కానీ వాళ్ళు కొలిచి చూస్తే కొన్ని మామూలు కంప్రెషన్ ప్రోగ్రాములతో నొక్కి పంపినప్పుడు మొత్తం శక్తి ఇంకా ఎక్కువైంది. ఎందుకంటే ఒక్కో బిట్ తగ్గించడానికి ఎన్ని లెక్కలు, ఎన్నిసార్లు మెమరీ తట్టడం అన్నది ఎవరూ చూసుకోలేదు. కట్టడానికి ఒకటి, విప్పడానికి ఇంకొకటి, తక్కువ ఖర్చుది ఎంచుకుంటే లాభం వచ్చిందని చూపించారు.

అంటే 'కంప్రెషన్ కరెంటు తాగుతుందా' అన్న ప్రశ్నకు అవును, కాదు అని జవాబు లేదు. దేన్ని, దేనితో, ఎన్నిసార్లు అన్నది కావాలి.

ఉగ్గాని_బజ్జీ
అమ్మాయ్, స్టూడియో అన్నకు ఎల్లుండి పెళ్ళి ఉంది. నీ సెమినార్‌కు కాదు.

హంద్రీ_గట్టు
పెళ్ళి ఆయనది కాదులే, కెమెరా పట్టుకుని పోవడమే 😄

ఏడురోడ్ల_సర్వీస్
మాటలెందుకు, కొలిచి చూశా. నా షాపులో ప్లగ్గుకు పెట్టే వాట్ మీటర్ ఉంది. రిపేరుకు వచ్చిన ఇలాంటి ఐ3 బండే ఒకటి ఉంటే ఓనర్‌ను అడిగి పెట్టాను. మానిటర్ వేరే, సీపీయూ డబ్బా ఒక్కటే లెక్క.

ఊరికే ఉన్నప్పుడు 42 వాట్లు.

10 జీబీ పీఎస్‌డీ ఫోల్డర్ కాపీ. మామూలు ఫోల్డర్‌లోకి 54 వాట్లు, 4 నిమిషాలు. కంప్రెస్ టిక్ ఉన్న ఫోల్డర్‌లోకి 68 వాట్లు, 9 నిమిషాలు.

గుణిస్తే మొదటిది 3.6 వాట్-అవర్లు, రెండోది 10.2. దాదాపు మూడింతలు. వాట్లు మరీ పెరగలేదు చూడండి, టైమే పెరిగింది. ఇదీ స్టూడియో అన్న బాధ.

తర్వాత ఇంకోటి చేశా. 2 జీబీ టెక్స్ట్ లాగ్ ఫైళ్ళు, కంప్రెస్ చేస్తే 600 ఎంబీకి వచ్చాయి. రీస్టార్ట్ చేసి మొత్తం చదివించా. మామూలువి 25 సెకన్లు, 50 వాట్లు. నొక్కినవి 13 సెకన్లు, 58 వాట్లు. అంటే 0.35కి బదులు 0.21 వాట్-అవర్. ఇక్కడ కంప్రెషన్ గెలిచింది.

ఒక్క బండి మీద ఒక్క పూట చేసిన లెక్క ఇది, శాసనం అనుకోవద్దు.

వేరుశనగ_కోడర్
భలే పని చేశావన్నా. కానీ ఊరికే ఉన్నా 42 వాట్లు కాలుతుంది కదా, అది తీసేసి చూడాలి. కంప్రెషన్ వల్ల అదనంగా అయింది ఎంత అన్నదే ప్రశ్న. అప్పుడు పీఎస్‌డీ కాపీ: 12 వాట్లు 4 నిమిషాలు అంటే 0.8. 26 వాట్లు 9 నిమిషాలు అంటే 3.9. తేడా ఇంకా పెద్దది, దాదాపు ఐదింతలు.

కానీ లాగ్ ఫైళ్ళు చూడండి. 8 వాట్లు 25 సెకన్లు, 16 వాట్లు 13 సెకన్లు. రెండూ ఇంచుమించు 0.06. టైమ్ గెలిచావు, శక్తి గెలవలేదు. సమానం.

డాస్_సార్
లెక్క కరెక్టే, కానీ ఏ లెక్క ఎప్పుడు వాడాలన్నది వేరే. సర్వర్ రోజంతా ఆన్‌లోనే ఉంటుంది, పని త్వరగా అయినా ఆపేయవు. అక్కడ 42 తీసేయడం న్యాయం. స్టూడియో ఆయన కరెంటు పోయినప్పుడు యూపీఎస్ మీద ఎక్స్‌పోర్ట్ అయ్యేదాకా ఊపిరి బిగబట్టి కూర్చుంటాడు. అవగానే షట్‌డౌన్ కొడతాడు. అక్కడ ఆ 42 కూడా పని ఖాతాలోదే, మొత్తం లెక్కే చూడాలి.

పెన్నగట్టు_రైతుబిడ్డ
బోరు మోటరు లెక్క. 5 హెచ్‌పీ మోటరు గంటలో తొట్టి నింపితే 5. 3 హెచ్‌పీది రెండు గంటలు ఆడితే 6. చిన్న మోటరని సంబరపడితే బిల్లు ఎక్కువొచ్చింది. ప్రాసెసర్ గట్టిగా పని చేసి త్వరగా పడుకుంటే మేలు.

ఉగ్గాని_బజ్జీ
పత్తి వచ్చింది, బోరు వచ్చింది, బండ వచ్చింది. ఇది కంప్యూటర్ చర్చేనా, రైతు బజారా?

సోలార్_సుబ్బన్న
అందరూ కంప్రెషన్ మీద పడ్డారు, యూపీఎస్ సంగతి ఎవరూ చూడలేదు. నాది ఓర్వకల్లు దగ్గర, ఇన్వర్టర్లు బ్యాటరీల పని.

స్టూడియో అన్నది 600 వీఏ యూపీఎస్ అయ్యుంటుంది. లోపల 12 వోల్టులు, 7 ఏహెచ్ బ్యాటరీ. కాగితం మీద 84 వాట్-అవర్లు. అంత వేగంగా పిండితే అందులో సగం కూడా చేతికి రాదు, ఇన్వర్టర్ నష్టం వేరే. 20 నిమిషాలు వచ్చేదంటే మానిటర్‌తో కలిపి 90 వాట్ల దగ్గర లోడ్, సరిగ్గా సరిపోయింది.

ఇప్పుడు అది 8 నిమిషాలకు రావాలంటే లోడ్ రెండున్నర రెట్లు కావాలి, అంటే 200 వాట్ల పైన. మన సర్వీస్ అన్న మీటర్‌లో కంప్రెషన్ ఎంత పెంచింది? 14 వాట్లు. ఆ 14 వాట్లకు 20 నిమిషాలు 16 అయ్యేదేమో, 8 కాదు. నీ బ్యాటరీ పోయింది అన్నా. ఎన్నేళ్ళయింది కొని?

టవర్‌క్లాక్_స్టూడియో
మూడు దాటింది. పైన రేకుల షెడ్డు. ఎండాకాలం ఆ గదిలో మనిషే ఉండలేడు, ఏసీ స్టూడియో హాల్‌లో మాత్రమే.

కానీ అన్నా, కంప్రెస్ చేసిన వారంలోనే ఇది మొదలైంది. ముందు వారం దాకా బాగానే ఉంది, ఒట్టు.

సోలార్_సుబ్బన్న
ఆ బ్యాటరీలకు 25 డిగ్రీలు సుఖం. ఆపైన ప్రతి 10 డిగ్రీలకు ఆయుష్షు సగం అని మా లైన్‌లో లెక్క. అనంతపురం ఎండలో, రేకుల కింద మూడేళ్ళు వచ్చిందంటే అది నీకు సేవ చేసినట్టే.

ఆ కంప్రెస్ చేసిన రాత్రి కరెంటు ఏమైనా పోయిందా?

టవర్‌క్లాక్_స్టూడియో
పోయింది. రెండుసార్లు. గాలీవాన వచ్చింది ఆ రాత్రి. ఒంటి గంటప్పుడు పోయి సిస్టమ్ ఆగిపోతే లేచి మళ్ళీ ఆన్ చేశా, అది మిగిలిన ఫైళ్ళ నుంచి మొదలుపెట్టింది. నాలుగు గంటలకు మళ్ళీ.

సోలార్_సుబ్బన్న
అదిగో. ముసలి బ్యాటరీని ఒకే రాత్రి రెండుసార్లు అడుగంటా పిండావు. మధ్యలో పూర్తిగా చార్జ్ కూడా అయ్యుండదు. మామూలు రోజైతే కరెంటు పోగానే షట్‌డౌన్ కొట్టేవాడివి. ఆ రాత్రి కంప్రెషన్ నడుస్తోందని వదిలేశావు. అంటే నేరం కంప్రెషన్‌దే, కానీ నువ్వు అనుకున్న సెక్షన్ కింద కాదు.

ఉగ్గాని_బజ్జీ
😂😂 లాయరు కావాల్సినోడివి సుబ్బన్నా

డాస్_సార్
కంప్రెషన్ మధ్యలో కరెంటు పోయింది అంటే నాకు ఇప్పటికీ గుండె జారుతుంది. 1994, కర్నూలు. మా ఇన్‌స్టిట్యూట్‌లో 386 మెషీన్, డిస్క్ మొత్తం 40 ఎంబీ. అప్పట్లో డిస్క్ బంగారం. డిస్క్‌ను రెండింతలు చేసే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. స్టాకర్ ఒకటి, ఎంఎస్-డాస్ 6తో వచ్చిన డబుల్‌స్పేస్ ఇంకొకటి. స్టాకర్ తయారుచేసిన స్టాక్ ఎలక్ట్రానిక్స్ అనే కంపెనీ డబుల్‌స్పేస్ విషయంలో మైక్రోసాఫ్ట్ మీద పేటెంట్ దావా వేసి గెలిచింది, 1994లో జ్యూరీ 12 కోట్ల డాలర్లు ఇప్పించింది. పేపర్లో చదివి స్టాఫ్ రూమంతా అదే చర్చ.

వాటి పద్ధతి ఏమిటంటే, డ్రైవ్ మొత్తం దాచిపెట్టిన ఒకే పెద్ద ఫైలుగా మారుతుంది. దాన్నే మళ్ళీ డ్రైవ్‌లా చూపిస్తారు. ఖాళీ ఎంత ఉందని అడిగితే అంచనా చెప్తుంది, అసలు లెక్క కాదు. నేను నొక్కడం మొదలుపెట్టిన పావుగంటకు వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ పేలింది. యూపీఎస్ అంటే మాకు తెలియని రోజులు. కరెంటు వచ్చాక చూస్తే ఆ ఒక్క ఫైలూ సగంలో ఉంది, విద్యార్థుల ప్రాజెక్టులు మొత్తం అందులోనే. ఫ్లాపీల్లో ఉన్న పాత కాపీలతో మూడు రాత్రులు కూర్చున్నాం.

ఎన్‌టీఎఫ్ఎస్ అలా కాదు, ఫైలుకు ఫైలు విడిగా కడుతుంది, మధ్యలో ఆగినా మిగతావి ఉంటాయి. అయినా స్టూడియో బాబూ, ఒకసారి చెక్‌డిస్క్ (డిస్క్‌లో తప్పులు వెతికే విండోస్ పనిముట్టు) నడిపించు.

పుట్టపర్తి_రిపోర్టర్
కొంచెం పక్కదారి. నేను లోకల్ రిపోర్టర్‌ని. పదేళ్ళ వార్తలు తెలుగు యూనికోడ్ టెక్స్ట్‌లో పెట్టుకున్నా. జిప్ చేస్తే నమ్మలేనంత తగ్గింది. ఇంగ్లీషు వార్తలు అంత తగ్గలేదు. ఎందుకు?

హంద్రీ_గట్టు
యూటీఎఫ్-8లో (యూనికోడ్ అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకు ఒక్కోదానికి 3 బైట్లు. అందులో మొదటి బైటు ఎప్పుడూ ఒకటే, రెండోది రెండే రకాలు. 'రాయలసీమ' అని రాస్తే ర, దీర్ఘం, య, ల, స, ఈ గుర్తు, మ, మొత్తం 7 గుర్తులు, 21 బైట్లు. అందులో అసలు సమాచారం ఉన్నది ముఖ్యంగా మూడో బైట్లలోనే. మిగతాది విడి పత్తి. ఆదోని అన్న మాటల్లో చెప్పాలంటే.

పుట్టపర్తి_రిపోర్టర్
అంటే నా వార్తల్లో మూడింట రెండొంతులు గాలి అన్నమాట. మా ఎడిటర్ ఎప్పుడూ అదే అంటాడు.

ఆదోని_జిన్నింగ్
😄😄

టవర్‌క్లాక్_స్టూడియో
సరే, బ్యాటరీ రేపు మారుస్తా. మరి డ్రైవ్ సంగతి? టిక్ తీసేస్తే మళ్ళీ 12 గంటలు పడుతుందా? చోటు చాలకపోతే?

ఏడురోడ్ల_సర్వీస్
మొత్తం డ్రైవ్ టిక్ తీయకు. ముక్కలుగా చెయ్. ముందు ఫోటోలు, వీడియోల ఫోల్డర్లు. అవి ఎలాగూ తగ్గలేదు కాబట్టి విప్పితే ఒక్క ఎంబీ కూడా అదనంగా అక్కర్లేదు. ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్ళి అక్కడ టిక్ తియ్, సబ్ ఫోల్డర్లకు కూడా అని అడిగితే ఓకే కొట్టు. కమాండ్ ప్రాంప్ట్ అలవాటుంటే ఆ ఫోల్డర్‌లోకి వెళ్ళి కాంపాక్ట్ అని కొట్టి, స్లాష్ యూ, స్లాష్ ఎస్ పెట్టు.

తర్వాత ఇప్పుడు పని చేస్తున్న పీఎస్‌డీలు మాత్రమే. ఇచ్చేసిన ఆల్బమ్‌ల పీఎస్‌డీలు అలాగే ఉండనీ, వాటిని ఎవరు తెరుస్తారు. ఫోటోషాప్ స్క్రాచ్ డిస్క్ (తాత్కాలిక ఫైళ్ళు రాసుకునే చోటు) డీ మీద పెట్టావేమో చూడు, ఉంటే సీకి మార్చు.

ట్యాలీ పాత సంవత్సరాల డేటా నొక్కే ఉంచు, ఈ ఏడాదిది విప్పు. రోజూ రాసే డేటాబేస్ నొక్కిన ఫోల్డర్‌లో ఉండకూడదు. ఎస్‌క్యూఎల్ సర్వర్ అయితే రాసే డేటాబేస్‌ను అలాంటి ఫోల్డర్‌లో పెట్టనివ్వదు కూడా.

అయ్యాక డీఫ్రాగ్ (చెల్లాచెదురైన ఫైలు ముక్కలను ఒకచోట చేర్చడం) ఒక రాత్రి. బ్యాటరీ మార్చిన తర్వాతే!

వేరుశనగ_కోడర్
ఇంకోటి గుర్తుపెట్టుకో. నొక్కే ఫోల్డర్‌లోకి కాపీ చేస్తే కొత్త ఫైలు ఆ గుణం తీసుకుంటుంది. అదే డ్రైవ్‌లో మూవ్ చేస్తే మాత్రం పాత గుణంతోనే వెళ్తుంది. అందుకే కొన్నిటికి బాణాలు ఉండి కొన్నిటికి లేకపోతే దయ్యం పట్టిందనుకోకు.

రాత్రి2గంటలు
మరి ఆ 12 గంటల కరెంటు బిల్లు ఎంత వచ్చి ఉంటుంది?

ఏడురోడ్ల_సర్వీస్
60 వాట్లు వేసుకో. 12 గంటలకు 0.72 యూనిట్. యూనిట్ 10 రూపాయలు అనుకున్నా 7 రూపాయల 20 పైసలు.

ఉగ్గాని_బజ్జీ
ఉగ్గాని ప్లేటు కూడా రాదు. ఇంతసేపు దీని కోసమా కొట్టుకున్నాం!

హంద్రీ_గట్టు
బిల్లు కాదు బాధ, ఆ 29వ పేజీ. ఇల్లు మొత్తం లెక్కలో 14 వాట్లు ఏమీ కాదు, కానీ బ్యాటరీ మీద ఉన్నప్పుడు, ఫోన్‌లో, లాప్‌టాప్‌లో అదే 14 వాట్లు చాలా పెద్దది. మన ఫోన్లలో ర్యామ్‌ను కూడా నొక్కే పెడతారు. ఆండ్రాయిడ్‌లో దాన్ని జెడ్‌ర్యామ్ అంటారు, విండోస్ 10 లోనూ అలాంటిది ఉంది. అక్కడ ఫ్లాష్ మీదికి తోయడం కంటే ర్యామ్‌లోనే మడిచి పెట్టడం చవక. రోజంతా తెలియకుండా జరుగుతూనే ఉంది.

ధర్మవరం_జరీ
స్టూడియోవాళ్ళకు ఒక దండం. ఫోటోలు వాట్సాప్‌లో పంపొద్దు. మా అక్క పెళ్ళి చీర జరీ మొత్తం పసుపు ముద్దలా వచ్చింది. ఇది కంప్రెషన్ కాదా?

డాస్_సార్
అది వేరే జాతి అమ్మా. జిప్ విప్పితే బైటుకు బైటు తిరిగి వస్తుంది. వాట్సాప్ ఫోటోను చిన్నది చేసేటప్పుడు కంటికి ఆనవనుకున్న వివరాలు పారేస్తుంది, అవి మళ్ళీ రావు. జరీ గీతలు సన్నం కదా, ముందు పోయేవి అవే. డాక్యుమెంట్‌గా పంపమని అడుగు.

టవర్‌క్లాక్_స్టూడియో
అప్‌డేట్. బ్యాటరీ మార్చా, కరెంటు పోయినప్పుడు 19 నిమిషాలు వచ్చింది. సుబ్బన్నకు ఒక టీ బాకీ. ఫోటోల ఫోల్డర్లు విప్పా, 4 గంటలు పట్టింది, ఖాళీ చోటు అంతే ఉంది, ఒక్క జీబీ కూడా తగ్గలేదు. పని మీదున్న పీఎస్‌డీలు విప్పాక సేవ్ ఒకటిన్నర నిమిషం, ముందు 4 నిమిషాల పైన పట్టేది. ఇంకా డీఫ్రాగ్ చేయలేదు, పెళ్ళి అయ్యాక చేస్తా.

చెక్‌డిస్క్‌లో తేడా ఏమీ రాలేదు సార్.

సోలార్_సుబ్బన్న
టీ వద్దు, పాత బ్యాటరీ పారేయకుండా షాపులో ఇచ్చి డబ్బు తగ్గించుకో. లోపల సీసం ఉంటుంది.

టవర్‌క్లాక్_స్టూడియో
ఇచ్చేశా అన్నా, 150 తగ్గించాడు.

బనగానపల్లి_మామిడి
ఫ్రెండ్స్, నా దగ్గర 2 టీబీ పెళ్ళి వీడియోలు ఉన్నాయి, అన్నీ ఎంపీ4. 7-జిప్‌లో అల్ట్రా పెట్టి రాత్రంతా వదిలేస్తే ఎంత తగ్గుతుంది?

ఉగ్గాని_బజ్జీ
ఆదోని అన్నా, ఇంకో బేలు వచ్చింది.